ఖహత్‌లో ఖాందాన్

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో కరువు మాట వెంటే వలస మాట వస్తుంది. 1866 ఖహత్ ఒడిశాతో పాటు గంజాం జిల్లానూ కబళించింది. నేటి మన ఇచ్ఛాపురం అప్పట్లో గంజాంలోదే. తర్వాతి దశాబ్దాల్లో ఈ తీరం నుంచి వేలమంది ఓడలెక్కి రంగూన్ వెళ్లారు, రైసు మిల్లుల్లో, రేవులో మజ్దూరీకి. ఖాందాన్ బతకాలంటే ఖాందాన్ విడిపోవాలి, అదీ హిసాబు.

తౌరాత్‌లో హజ్రత్ యాకూబ్ (అలైహిస్సలామ్) ఇంట్లోనూ అంతే. బిన్యామీన్‌ను పంపనంటారు ఆయన; పంపకపోతే మిస్ర్‌లో గల్లా దొరకదు. నా చూపు యహూదా మీదే నిలుస్తుంది. యూసుఫ్‌ను అమ్మేద్దామన్నది అతనే. బేరం ఇరవై వెండి నాణేలకు కుదిరింది. ఖహత్‌లో బిన్యామీన్‌కు జామీన్ నిలిచిందీ అతనే! గిన్నె చోరీ ఇల్జామ్ పడ్డప్పుడు, ఎదురుగా ఉన్నది యూసుఫేనని తెలియక, తమ్ముడికి బదులు తననే గులాంగా ఉంచుకోమన్నాడు. సూరా యూసుఫ్‌లోనూ అన్నలు తమలో ఒకరిని తీసుకోమంటారు. అక్కడ పేరు ఉండదు.

1942లో జపాన్ ఫౌజు రంగూన్ పట్టుకుంది. మనవాళ్లెందరో కొండలు, అడవులు దాటి కాలినడకన వచ్చారు. మీ దాదానో నానానో రంగూన్ వెళ్లి ఉంటే పెద్దల్ని అడగండి: ఇక్కడ ఆయన బీవీ బచ్చాలకు జామీన్ నిలిచిందెవరు?