రోగి మాటను వ్రాయుట: డెల్టా నర్సింగ్ విద్యార్థినులు, కేర్ ప్లాన్, సంఘము

ఆంధ్రదేశములోని మిషన్ ఆసుపత్రుల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా మూడు సంగతులను చెప్తారు. ఏ మిషనెరీ ఎప్పుడు వచ్చారు, ఏ కట్టడము ఏ సంవత్సరములో లేచింది, ఎంతమంది రోగులు చికిత్స పొందారు. ఆ రోగుల మంచము పక్కన రాత్రింబవళ్ళు నిలిచిన ఆడపిల్ల తన కాగితము మీద ఏమి వ్రాసింది అనే ప్రశ్న ఈ చరిత్రలలో దాదాపుగా కనబడదు. వేమూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలో మేము ఎరిగిన సంఘములలో నర్సింగ్ చదివిన కుమార్తె లేని సంఘము అరుదు. అయినను ఆ పిల్లలు శిక్షణలో నేర్చుకొనే వ్రాతపని గురించి సంఘకాపరులమైన మనకు తెలిసినది బహు స్వల్పము. ఆ వ్రాతపనిలో ముఖ్యమైన కేర్ ప్లాన్, అనగా రోగి సంరక్షణ ప్రణాళిక, ఎట్లు పుట్టినదో, మన ప్రాంతపు విద్యార్థిని దానిని వ్రాయుటలో ఎక్కడ చిక్కుపడుచున్నదో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గుంటూరులో ఆరంభము

1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ అయ్యగారు వైద్య పట్టభద్రులుగా రాలేదు. మధ్యలో అమెరికా తిరిగి వెళ్ళి, అక్కడ వైద్యశాస్త్రములో పట్టము పొంది, మరల వచ్చారు. కాగా స్త్రీల కొరకు వైద్యసేవ నిలకడగా ఆరంభమైనది డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారితోనే. ఆమె పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టము పొందారు. 1883లో గుంటూరు వచ్చినప్పుడు లూథరన్ మిషన్ ఆమెను వైద్యురాలిగా నియమించలేదు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపింది. ఆ విధముగా ఆమె తెలుగు ఇండ్ల లోపలి గదులను, ఆ ఇండ్లలోని ఆడవారి మాటను, ఆసుపత్రి కట్టక మునుపే ఎరిగినారు. ఇది బోర్డు ముందుచూపుతో చేసిన ఏర్పాటు కాదు గాని, దాని ఫలము మాత్రము గొప్పది. 1885 చివర వైద్య మిషనెరీగా నియామకము వచ్చింది. 1898లో 50 పడకల ఆసుపత్రి తెరువబడినది. అదే తరువాతి కాలములో కుగ్లర్ ఆసుపత్రి అనే పేరు పొందినది. ఆమె 1930లో గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు.

ఆ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పనిని చేపట్టినవారు కేథరిన్ ఫాస్ అనే మిషనెరీ నర్సు. శిక్షణకు వచ్చిన పిల్లలలో ఎక్కువమంది మిషన్ బోర్డింగ్ స్కూళ్ళలో నాలుగు అక్షరములు నేర్చిన పల్లె పిల్లలు. వారి తల్లిదండ్రులు పెద్ద రైతుల పొలములలో ఊడ్పులకు, కోతలకు పోయేవారు. ఆ రైతుల ఇంటి గడప లోపలికి పిలువబడని పిల్ల, అదే ఇంటి ఆడవారి ఒంటి మీద చేయి వేసి నాడి చూసి, ఆ సంఖ్యను కాగితము మీద పెట్టింది. ఈ మార్పును మన సంఘచరిత్రకారులు ఒక వాక్యముతో దాటవేయుట మాకు న్యాయముగా తోచదు.

అయితే ఆమె వ్రాసినది ఏమిటి? జ్వరము ఎంత, నాడి ఎంత, మందు ఎన్ని గంటలకు ఇయ్యబడినది. ఆ వ్రాత వైద్యుని కొరకు. లండన్‌లో 1860లో ఆరంభమైన నైటింగేల్ పాఠశాలలో విద్యార్థినులు దినచర్య పుస్తకము, రోగుల గురించిన నోట్సు వ్రాయవలెనని నియమము ఉండేది గాని, అది ముఖ్యముగా విద్యార్థినిని పరీక్షించుటకు. రోగి మనస్సులోని సంగతి, అతని భయము, అతని ప్రార్థన, నర్సు వ్రాసే విషయములు కావు. మిషన్ ఆసుపత్రులలో ఆ భాగము బైబిలు స్త్రీలకు అప్పగింపబడినది. వార్డులో గాయము నర్సుది, వాక్యము బైబిలు స్త్రీది. ఈ విభజన ఆ కాలమునకు సహజమే. కాని దాని వలన రోగి ఒకే మనిషి అయినను, అతని సంగతి రెండు వేరు వేరు కాగితములలోనికి పోయింది. ఒకటి ఆసుపత్రి రికార్డులోనికి, రెండవది మిషన్ రిపోర్టులోనికి.

బంధువుల విషయము కూడ చెప్పవలెను. మన ప్రాంతములో రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. తల్లి, అత్త, మేనమామ, అన్నము గిన్నె, చాప, అందరు వస్తారు. ఏలూరు రాజా భుజంగరావు గారు కుగ్లర్ గారి సేవకు కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర బంధువుల కొరకు సత్రము కట్టించుట దీనికి సాక్ష్యము. సంరక్షణ అనగా కుటుంబముతో కూడినదని కాగితము మీదికి రాకమునుపే ఇటుకలతో కట్టబడినది.

కేర్ ప్లాన్ పుట్టుక

కేర్ ప్లాన్ అమెరికాలో 1950ల టీమ్ నర్సింగ్ పద్ధతిలో వాడుకకు వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయపు ఎలియనోర్ లాంబర్ట్‌సన్ దీనిలో ముఖ్యురాలు. యుద్ధము తరువాత నర్సులు చాలక, ఒక శిక్షితురాలైన నర్సు కింద తక్కువ శిక్షణ గలవారు పనిచేసేవారు. అందరికి ఒకే మాట తెలియుటకు కార్డెక్స్ అనే కార్డు మీద ప్రణాళికను పెన్సిల్‌తో వ్రాసేవారు. రోగి స్థితి మారితే చెరిపి మరల వ్రాయవచ్చు. 1961లో ఐడా జీన్ ఓర్లాండో తన గ్రంథములో, రోగి ప్రవర్తన చూచి నర్సు తానే అర్థము చెప్పుకొనరాదని, తనకు తోచిన అర్థమును రోగిని అడిగి నిర్ధారించుకొనవలెనని వాదించింది. 1967లో యూరా, వాల్ష్ అనువారు నర్సు పనిని నాలుగు మెట్లుగా విభజించారు. అవసరత గుర్తించుట, ప్రణాళిక వేయుట, అమలు చేయుట, ఫలితము చూచుట. 1973లో సెయింట్ లూయిస్ పట్టణములో జరిగిన సభ నుండి నర్సింగ్ డయాగ్నోసిస్ పేర్ల జాబితా తయారగుట ఆరంభమైనది. 1978లో ఆ జాబితాలో ఆత్మీయ వ్యాకులత కూడ చేర్చబడినది.

ఇక్కడ ఒక్క క్షణము ఆగవలెను. మిషన్ ఆసుపత్రి బైబిలు స్త్రీకి విడిచిపెట్టిన గడి, నర్సు కాగితము మీదికి తిరిగి వచ్చింది. దానిని తెచ్చినది మిషన్ బోర్డు కాదు, సంఘము కాదు, నర్సింగ్ వృత్తి తానే. లూకా 10వ అధ్యాయములోని సమరయుడు గాయపడినవానిని చూచి, కట్టు కట్టి, పూటకూళ్ళవానికి రెండు దేనారములిచ్చి, తిరిగి వచ్చినప్పుడు లెక్క చూచెదనని చెప్పుటలో ఈ నాలుగు మెట్లు ఉన్నవని కొందరు బోధకులు చూపుతారు. అది ప్రసంగములో బాగుండును గాని చరిత్రకు దాని మీద ఆధారపడరాదు.

మన దేశములో 1946లో ఢిల్లీలోను, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను నర్సింగ్ డిగ్రీ చదువులు ఆరంభమైనవి. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చింది. నేటి జి.ఎన్.ఎమ్. విద్యార్థిని మొదటి సంవత్సరములోనే ఈ నర్సింగ్ ప్రాసెస్ నేర్చుకొని, ప్రతి వార్డు పోస్టింగులో కేర్ ప్లాన్లు వ్రాసి ఫైలు అప్పగించవలెను.

గడులు నింపుట

మా సంఘపు పిల్లల ఫైళ్ళను మేము చూచినాము. కాగితము అడ్డముగా పెట్టి స్కేలుతో గీతలు గీస్తారు. మొదటి గడిలో రోగి చెప్పినది, నర్సు చూచినది. తరువాత నర్సింగ్ డయాగ్నోసిస్, లక్ష్యము, చేయదలచిన పని, దానికి కారణము, చేసిన పని, చివర ఫలితము. మొదట నేర్చుకొనే పిల్ల చేసే పొరపాటు దాదాపు అందరిది ఒక్కటే. డాక్టరు వ్రాసిన రోగము పేరును తీసికొని నర్సింగ్ డయాగ్నోసిస్ గడిలో పెడుతుంది. గుండె జబ్బు అని డాక్టరు వ్రాయవచ్చు. నర్సు ఆ జబ్బును మాన్పలేదు. రోగి పడుకొంటే ఆయాసము వచ్చి రాత్రంతా కూర్చొని ఉండుట, దాని వలన నిద్ర లేకుండుట, ఇది నర్సు చేతిలోని సంగతి. వీపు వెనుక దిండ్లు పెట్టి సగము కూర్చున్నట్లు పడుకోబెట్టుట, రాత్రి పనులను ఒకే సమయమునకు కూర్చి మాటిమాటికి లేపకుండుట ఆమె చేయగలదు. లక్ష్యము కూడ, రోగి బాగుపడును అని వ్రాస్తే టీచరు ఎర్ర సిరాతో కొట్టివేస్తుంది. రెండు రోజులలో రోగి రాత్రి నాలుగు గంటలు వరుసగా నిద్రించును అని వ్రాయవలెను. అప్పుడే జరిగినదా లేదా అని చూచుటకు వీలు. మన సంఘ దర్శనముల రిజిస్టర్లలో పరామర్శించితిమి, ప్రార్థించితిమి అనే మాటలు తప్ప ఏమి ఉన్నదో తలంచుకొంటే, ఈ పిల్లల యెదుట మనకు కొంచెము సిగ్గు కలుగును.

భాష విషయము మరింత చిక్కు. రోగి తెలుగులో చెప్తుంది, ఫైలు ఇంగ్లీషులో ఉండవలెను. కడుపులో దేవుతున్నది అనుటకు ఇంగ్లీషులో మాట దొరుకుతుంది. కాని వేడి చేసింది అనుటకు ఏది వ్రాయవలెను? జ్వరము అని వ్రాస్తే తప్పు, ఎందుకనగా థర్మామీటరు జ్వరము చూపదు. బాలింత పథ్యము ఉన్నానని చెప్తే, పిల్ల దానిని వదలివేసి, మాంసకృత్తులు గల ఆహారము, రోజుకొక గుడ్డు అని పుస్తకములోని మాట వ్రాస్తుంది. పక్కన అత్తగారు కూర్చుండగా ఆ గుడ్డు ఎవరు తింటారు? పథ్యము అనే మాట మొదటి గడిలోనికి రాలేదు గనుక ప్రణాళిక చివరి గడి వరకు అబద్ధముగానే నడుస్తుంది. సీనియరు ఫైలు చూచి నకలు చేయుట మన నర్సింగ్ స్కూళ్ళలో తెలియనిది కాదు. అది కేవలము సోమరితనము అని మేము అనుకొనము. రోగి మాటకు ఇంగ్లీషు దొరకనప్పుడు, ఇంతకు ముందే ఒప్పుకొనబడిన ఇంగ్లీషు సులువుగా దొరుకుతుంది.

మతము అనే గడి

అన్నిటికంటె కష్టమైనది ఫైలు మొదటి పేజీలోనే ఉన్నది. పేరు, వయస్సు, వృత్తి, ఆదాయము, మతము. మన ప్రాంతములో ఈ ఐదవ మాట తేలిక మాట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులము హోదా హిందువులకే పరిమితమైనది. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడినారు గాని, క్రైస్తవులు చేర్చబడలేదు. ఆంధ్రప్రదేశ్‌లో దళిత క్రైస్తవుడు క్రైస్తవుడనని వ్రాయించుకొంటే బి.సి. సి వర్గములోనికి, ఒక శాతము రిజర్వేషనులోనికి పోతాడు. వేమూరుకు దగ్గరనున్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు చంపబడిన సంగతి ఈ ప్రాంతములో ఎవరు మరచిపోలేదు. చట్టపు రక్షణ ఏ సర్టిఫికెట్టు మీద ఆధారపడునో జనులకు తెలియును. కాబట్టి ఆదివారము గుడిలో ముందు వరుసలో కూర్చుండే తల్లి, ఆసుపత్రి చీటీ రాసేటప్పుడు హిందువు అని చెప్తుంది. ఆమెను మేము తప్పుపట్టుట లేదు.

ఒక విద్యార్థిని ఫైలులో మేము చూచిన కాగితము ఈ సంగతిని తేటపరచును. ఆ పిల్ల పేరు గాని స్కూలు పేరు గాని ఇక్కడ అవసరము లేదు. రోగి షుగరు వ్యాధితో కాలి పుండు గల వృద్ధురాలు. గుడికి పోలేకపోతున్నానమ్మా అని చెప్పింది. మన పల్లెలలో గుడి అనగా ప్రార్థన మందిరమని ఆ పిల్లకు తెలియును, ఆమె కూడ అదే మాట వాడుతుంది. కాని మతము గడిలో అప్పటికే హిందువు అని ఉన్నది. అందుచేత ఇంగ్లీషులో టెంపుల్ అని వ్రాసింది. ఆత్మీయ అవసరత గడిలో, బంధువులు దేవుని పటము తెచ్చి పెట్టుకొనుటకు అనుమతించుట అని పుస్తకములోని మాట ఎక్కించింది. ఫైలుకు మంచి మార్కులు వచ్చినవి. వృద్ధురాలు ఎదురుచూచినది సంఘకాపరి కొరకు, బల్ల కొరకు. కాగితము మీద లోపము ఎక్కడా కనబడదు.

అయ్యగారూ, ఏమి వ్రాయమంటారు అని ఆ పిల్ల మమ్మును అడిగింది. ఉన్నది ఉన్నట్లు వ్రాయుము అని చెప్పుట మాకు సులువు. కాని ఆసుపత్రి ఫైలు అనేకుల చేతులలో పడుతుంది. ఆ వృద్ధురాలి మనుమని సర్టిఫికెట్టు సంగతి ఏమి? మరొక పక్క, రోగి నోటి మాటను మార్చి వ్రాయుట నేర్చిన పిల్ల, రేపు నొప్పి గురించి కూడ అట్లే మార్చి వ్రాయును. సెమినరీలో మాకు పాఠముగా చెప్పబడిన పాస్టరల్ కేర్ ఈ ప్రశ్నను ఎదుర్కొనలేదు. మేము ఆమెతో అన్నది ఇంతే: నీవు నిర్ణయించవద్దు, నేను కూడ నిర్ణయించను, ఆ తల్లినే అడుగు. ఓర్లాండో పుస్తకము ఆ పిల్ల చదువలేదు, అప్పటికి మేమును చదువలేదు.

ఆమె అడిగింది. నా మాట రాయి తల్లీ, మతము జోలికి పోవద్దు అని వృద్ధురాలు చెప్పిందట. పిల్ల మొదటి పేజీని మార్చలేదు. మొదటి గడిలో గుడి అనే మాటను తెలుగు అక్షరములలోనే, రోగి చెప్పినట్లే వ్రాసింది. టీచరు దాని కింద ఎర్ర సిరాతో గీత గీసింది గాని కొట్టివేయలేదు. చేయదలచిన పని గడిలో, రోగి కోరినవారికి కబురు చేయుట అని ఉన్నది. మూడవ రోజు ఫలితము గడిలో, సాయంత్రము సంఘకాపరి వచ్చి అరగంట కూర్చున్నారనియు, రోగి ఆ రాత్రి ఐదు గంటలు నిద్రించిందనియు, కాలి పుండు స్థితిలో మార్పు లేదనియు వ్రాయబడినది.