బాణరేఖల్లో వ్యాఖ్యాన పరంపర: కోలాచల మల్లినాథసూరి సాక్ష్యం

మెదక్ పట్టణానికి చేరువలోని కొల్చారం గ్రామనామమే మల్లినాథసూరికి ‘కోలాచల’ అనే ఇంటిపేరుగా నిలిచిందని పరిశోధకుల అభిప్రాయం. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలకు సంజీవనిని, కిరాతార్జునీయానికి ఘంటాపథాన్ని, శిశుపాలవధకు సర్వంకషను, నైషధానికి జీవాతువును రచించిన ఈ పండితుడు సాహిత్యచరిత్రల్లో తరచుగా పట్టికలోని ఒక వరుసగా మాత్రమే కనబడతాడు: వ్యాఖ్యాత, కావ్యం, శతాబ్దం. ఎవరి మాట ఎవరికి చేరిందన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు. దానికి తగిన రూపం దిశాత్మక గ్రాఫ్, అంటే బిందువులను బాణరేఖలతో కలిపే చిత్రం. వెబ్ పుటలో పాఠకుడు తాకి విప్పి చూడగల విధంగా దానిని అమర్చితే, కాళిదాసు కాలచర్చలో చాలాకాలం నలిగిన ఒక సాక్ష్యం బలమెంతో స్పష్టమవుతుంది.

పాఠసంబంధాలను గీతలతో చూపడం కొత్త కాదు. స్వీడన్‌లో ష్లీటర్ 1827లోనే న్యాయగ్రంథ ప్రతులకు వంశవృక్షం గీశాడు. మన దేశంలో సుక్తాంకర్ 1933 నాటి ఆదిపర్వ సంశోధిత ప్రతి పీఠికలో పాఠశాఖల వంశక్రమాన్ని చూపాడు. అయితే వృక్షంలో ఒక కొమ్మకు ఒకే మూలం ఉంటుంది. వ్యాఖ్యానం అలా పుట్టదు. కావ్యం, కోశాలు, అలంకారగ్రంథాలు, పూర్వవ్యాఖ్యలు అన్నీ దానిలోకి ప్రవహిస్తాయి. అందుచేత ఇక్కడ వృక్షం చాలదు. దిశాత్మక గ్రాఫును అంతస్తులుగా, బాణాలన్నీ పైనుంచి కిందికి సాగేటట్లు అమర్చే పద్ధతిని సుగియామ బృందం 1981లో ప్రకటించింది. నేటి వెబ్ సాధనాలు అనేకం ఆ మార్గాన్నే అనుసరిస్తున్నాయి. బిందువులను పరస్పర ఆకర్షణ వికర్షణలతో చెదరగొట్టే అమరిక చూపులకు ఇంపుగా ఉన్నా, అందులో కాలక్రమం కనబడదు. చరిత్రకారునికి అది పనికిరాదు.

ముందుగా మల్లినాథుని కాలాన్నే చూద్దాం. విద్యాధరుని ఏకావళికి ఆయన తరళ వ్యాఖ్య రచించాడు. ఉత్కళాధిపతి నరసింహుని స్తుతించే ఆ గ్రంథాన్ని సాధారణంగా 13వ శతాబ్దం చివర లేదా 14వ శతాబ్దం ఆరంభంలో ఉంచుతారు. కాబట్టి తరళ అంతకు ముందుది కాజాలదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యేదాకా పాలించిన ప్రతాపరుద్రుని ఆశ్రయంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయానికి మల్లినాథుని కుమారుడు కుమారస్వామి రత్నాపణం వ్రాశాడు. ఇక్కడ రెండు జాతుల బాణాలున్నాయి: గ్రంథం నుంచి వ్యాఖ్యకు ఒకటి, తండ్రి నుంచి కొడుకుకు మరొకటి. రెండింటికీ ఒకే రంగు వేయడం పొరపాటు. ఒక బాణాల వరుస తిరిగి తన మొదటి బిందువునే చేరితే, ఆధారాల్లో ఎక్కడో దోషం ఉన్నట్లే. ఆ చక్రాన్ని యంత్రం వెంటనే పట్టగలదు.

ఇక అసలు వివాదం. మేఘసందేశంలో ‘దిఙ్నాగ’ శబ్దం వచ్చే శ్లోకానికి దిగ్గజాలన్న అర్థంతోపాటు మల్లినాథుడు మరొక అర్థం చెప్పాడు: దిఙ్నాగుడు కాళిదాసుకు ప్రతిపక్షి అయిన ఆచార్యుడని, నిచులుడు ఆయనకు సహాధ్యాయి అయిన కవి అని. ఈ దిఙ్నాగుని బౌద్ధ తార్కికునిగా గుర్తించి కాళిదాసును 6వ శతాబ్దానికి దించే వాదాలు వచ్చాయి. మాక్స్‌ముల్లర్ 1883 నాటి గ్రంథంలో ఈ వ్యాఖ్యను చర్చలోకి తెచ్చాడు. తరువాత 1911లో హుల్ట్ష్ సంపాదకత్వంలో కాశ్మీర వ్యాఖ్యాత వల్లభదేవుని వ్యాఖ్య, 1919లో తిరువనంతపురంలో గణపతిశాస్త్రి సంపాదకత్వంలో దక్షిణావర్తనాథుని ప్రదీపం వెలువడ్డాయి. 10వ శతాబ్దపు వల్లభదేవునిలో ఈ కథ లేదు. దక్షిణావర్తనాథునిలో ఉంది.

ఇద్దరు వ్యాఖ్యాతలు ఒకే మాట చెప్పారంటే పట్టికలో అవి రెండు సాక్ష్యాలు. కానీ రఘువంశ సంజీవని ఆరంభంలో మల్లినాథుడే దక్షిణావర్తనాథాదులు నడిచిన దారిలో నడుస్తున్నానన్నాడు. రఘువంశం విషయంలో ఆ బాణం నిశ్చితం. మేఘసందేశం విషయంలో అది మన ఊహ, అయితే బలమైన ఊహ. దానిని చుక్కల గీతగా ఉంచితే చాలు, రెండు సాక్ష్యాలు ఒకటిగా కుదించుకుపోతాయి. కాళిదాసుకు ఎన్నో శతాబ్దాల తరువాతి ఒక్క దాక్షిణాత్య కథనంపై ఆ కాలనిర్ణయం ఆధారపడిందని అప్పుడు తెలుస్తుంది. ఇది మల్లినాథుని పాండిత్యానికి లోపం కాదు. విన్న సంప్రదాయాన్ని ఆయన భద్రపరచాడు, దానిని చరిత్రగా చదివినవారు మనమే.

అచ్చులోని చిత్రంలో ప్రతి గీతా సమానమైన నమ్మకంతో కనబడుతుంది. తెరపై ఆ కష్టం లేదు. బాణాన్ని తాకితే దాని ఆధారం, ప్రతి, పుట, విశ్వసనీయత తెరచుకోవాలి. ఊహాబాణాలను తాత్కాలికంగా తొలగించి మిగిలినదెంతో చూడగలగాలి. ఈ రెండు సౌకర్యాలు లేని గ్రాఫ్ అలంకారమే. బాణం మూలం నుంచి గ్రహీతకు వెళుతుందా, ఉదాహరించినవాని నుంచి ఉదాహృతునికా అన్నది కూడా పుటలోనే చెప్పాలి. ఉల్లేఖన సూచికల్లో రెండవ పద్ధతి రూఢం, పరంపరకు మొదటిదే తగినది. తెలుగు లిపికి మరొక ఇబ్బంది ఉంది. ‘ప్రతాపరుద్రయశోభూషణం’ వంటి సమాసం గడి దాటిపోతుంది. సంయుక్తాక్షరాల వల్ల వర్ణాలను లెక్కించి వెడల్పు చెప్పలేము. తెరపై అక్షరాలు ఏర్పడిన తరువాతనే కొలిచి గడిని విస్తరించాలి.

మేఘసందేశ చిత్రాన్ని ఈ విధంగా అమర్చి చుక్కల గీతలను దాచినప్పుడు, నిచులుని బిందువుకు దక్షిణావర్తనాథుని కంటే పైనున్న ఏ గ్రంథం నుంచీ బాణం రాదు.