‘జోన్ ప్రెమియే’: ఫ్రెంచి రంగస్థలంపై యౌవనమనే పదవి

ఫ్రెంచి నాటకరంగం నుండి ఇతర భాషలకు వలస వెళ్ళిన పారిభాషిక పదాలలో ‘జోన్ ప్రెమియే’ ఒకటి. ‘జోన్’ అంటే యువ, ‘ప్రెమియే’ అంటే ప్రథమ. దీని స్త్రీలింగరూపం ‘జోన్ ప్రెమియేర్’. ప్రేమికుని పాత్రలు ధరించే యువనటుడని దీనికి సాధారణంగా చెప్పే అర్థం. తెలుగులో ‘కథానాయకుడు’ అనో ‘యువనాయకుడు’ అనో అనువదించాలని అనిపించడం సహజం. కాని ఆ రెండు మాటలూ ఈ పదం వెనుకనున్న చరిత్రను మరుగుపరుస్తాయి. ఈ పదం ప్రధానంగా సూచించినది పాత్ర ప్రాధాన్యాన్ని కాదు, నటుని వయస్సునూ కాదు. నాటక సమాజంలో అతనికి గల స్థానాన్ని.

ఆ స్థానాన్ని ఫ్రెంచివారు ‘ఆంప్లువా’ అన్నారు. ఉద్యోగం, పని అని దాని వాచ్యార్థం. గంభీరుడైన తండ్రి, సేవకుడు, చతురయైన దాసి, ముగ్ధ, ఆంతరంగికుడు మొదలైన పాత్రల తరగతులలో ఒక్కొక్కటి ఒక్కొక్క నటుని అధీనంలో ఉండేది. 1680లో పదునాలుగవ లూయీ ఆజ్ఞతో పారిస్‌లోని రెండు సమాజాలు ఏకమై ‘కొమెదీ ఫ్రాన్సేజ్’ ఏర్పడిన తరువాత ఈ పద్ధతి మరింత స్థిరపడింది. తరగతిలో అగ్రస్థానంలో ఉన్న నటునిదే పాత్రపై తొలి హక్కు. అతడు రాలేనప్పుడు ఆడే అవకాశం అతని తరువాతి వానికి దక్కేది.

మన అలంకారశాస్త్రంతో పరిచయమున్నవారికి ఇక్కడ దశరూపకంలోని ధీరోదాత్తాది నాయక భేదాలు స్ఫురించవచ్చు. పోలిక పైపైనదే. ధనంజయుడు విభజించినది పాత్రల స్వభావాన్ని; ఆంప్లువా విభజించినది నటులను. మొదటిది కావ్యలక్షణం, రెండవది దాదాపు ఆస్తి హక్కు.

ఈ ప్రేమికుల మూలాలు కొంతవరకు ఇటలీలోని ‘కొమేదియా దెల్లార్తె’ ప్రదర్శనలలో ఉన్నాయి. అక్కడ వృద్ధులూ సేవకులూ ముసుగులు ధరించేవారు; ప్రేమికులు మాత్రం ముసుగు లేకుండా ఆడేవారు. మోలియర్ హాస్యనాటకాలలోనూ ప్రేమజంట తప్పనిసరి. అయితే ఆ నాటకాలు వారివి కావు. 1668 నాటి ‘లవార్’లో ప్రేక్షకుడు గుర్తుంచుకొనేది లోభి అర్పగోన్‌ను, 1671 నాటి స్కపేన్ నాటకంలో గుర్తుంచుకొనేది సేవకుడు స్కపేన్‌ను. ఆ రెండు పాత్రలనూ మోలియరే ధరించాడు. ఇద్దరు యువ ప్రేమికులు ఒక్త్రావ్, లెయాంద్ర్‌లు సేవకుని తెలివితేటలపై ఆధారపడి బతికేవారే. కనుక ‘ప్రెమియే’ను ‘కథానాయకుడు’ అంటే మోలియర్ విషయంలోనే అర్థం తలకిందులవుతుంది.

ఆ సమాజంలో ప్రేమికుని పాత్రలు ఆడిన లా గ్రాంజ్ 1659లో చేరాడు. 1665లో ‘దోం జువాన్’ పాత్ర ధరించినదీ అతడే. సమాజం రోజువారీ వసూళ్ళను చిట్టాలో రాసిపెట్టినవాడూ అతడే. మోలియర్ రంగస్థల జీవితం గురించి నేడు మనకు తెలిసిన లెక్కలలో అధికభాగం ఆ చిట్టా చలవే. 1663లో మోలియర్ తన నటులనే పాత్రలుగా చేసి రచించిన ‘వెర్సాయ్’ నాటకంలో అందరికీ సూచనలిస్తూ, లా గ్రాంజ్‌కు మాత్రం చెప్పవలసినదేమీ లేదంటాడు. ప్రశంస అనుకోవచ్చు. ప్రేమికుని పాత్రలో కొత్తగా చెప్పడానికేమీ ఉండదన్న చమత్కారమూ అందులో ఉందని నా అనుమానం.

హోదా నటునిదైనప్పుడు అతనికి వయస్సు మీరితే ఏమవుతుంది? మోలియర్ శిష్యుడు మిషెల్ బరోన్ 1691లో రంగస్థలం విడిచి, 1720లో అరవై దాటిన వయస్సులో తిరిగివచ్చి, యువకుల పాత్రలూ ధరించాడు. ఇది మన ప్రేక్షకులకు వింతేమీ కాదు. మదమ్వజేల్ మార్స్ ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 1830 ఫిబ్రవరి 25న విక్టర్ హ్యూగో ‘ఎర్నానీ’ తొలి ప్రదర్శనలో యువతి దోన్యా సోల్‌గా ఆడినప్పుడు ఆమెకు 51 ఏళ్ళు. నాటకంలో ఆ యువతిని పెళ్ళాడగోరి, తన వృద్ధాప్యానికి కుమిలిపోయే ముసలి దొర పాత్రధారి జొఆనీ ఆమెకంటే నాలుగేళ్ళే పెద్ద. వయోభేదమే ఇతివృత్తంలో ఒక ముడిగా ఉన్న నాటకంలో ఆ భేదం నటుల మధ్య దాదాపు లేదన్నమాట. మార్స్ వయస్సును ఎగతాళి చేయడం సులభం. కాని ఆమె కంఠస్వరం నాటి పారిస్‌లో ప్రసిద్ధం. దూరాన కూర్చున్నవారికి యౌవనం ముఖంలో కంటే స్వరంలోనే ఎక్కువగా అందుతుంది. 1839లో, అరవయ్యవ ఏట, ఆమె డ్యూమా నాటకంలో మదమ్వజేల్ ద బెలీల్ పాత్రను తొలిసారి ధరించింది. నష్టపోయినది ప్రేక్షకులు కాదు, ఆమె వెనుక వరుసలో వయస్సు గడిచిపోతున్న నటీమణులు.

ఈ పదం సరిహద్దు దాటినప్పుడు ఏది వెంట వెళ్ళింది, ఏది ఉండిపోయింది అన్నది గమనించదగినది. రష్యన్ భాష వ్యక్తిని సూచించే మాటతోపాటు ‘ఆంప్లువా’ను కూడా తీసుకొంది, 1922లో మెయెర్‌హోల్డ్ సహరచయితలతో కలిసి నటుని ఆంప్లువాపై ఒక గ్రంథమే ప్రచురించాడు. ఇంగ్లీషులో ‘జోన్ ప్రెమియే’ చెలామణి అయింది కాని, దానికి ఆధారమైన వ్యవస్థ పేరు పాఠకులకు అంతగా చేరలేదు. చెహోవ్ 1886 నాటి కథ ఒకదానికి ‘ప్రథమ ప్రేమికుడు’ అని అర్థమిచ్చే రష్యన్ శీర్షిక ఉండగా, కాన్‌స్టన్స్ గార్నెట్ తన ఇంగ్లీషు అనువాదానికి ఫ్రెంచి పదాన్నే శీర్షికగా పెట్టింది. ఆ కథలోని నటుడు పొద్జారొవ్, లేని ప్రేమవ్యవహారాన్ని ఉన్నట్లు చెప్పుకొని, ఆ స్త్రీ బంధువుకే దొరికిపోతాడు. ఇక్కడ పదం హోదాను వదలి బడాయికి గుర్తుగా మారింది. తరువాత సినిమా దానిని అందమైన ముఖానికి పర్యాయపదం చేసింది.

ఫ్రాన్సులోనే ఈ పదానికి చివరి పెద్ద ఉదాహరణ జెరార్ ఫిలిప్. అప్పటికే సినిమా తారగా పేరు పొందిన అతడు 1951లో జాన్ విలార్ సమాజంలో చేరి, అవిన్యోన్‌లో కొర్నెయ్ ‘ల సీద్’లో రోద్రిగ్‌గా నటించాడు. ఆ సమాజం ప్రకటన పత్రాలలో నటుల పేర్లు అకారాదిగా ఉండేవి. అందరూ ప్రథముడనుకొన్నవాని పేరు ‘ప’ వరుసలో వచ్చేది. 1959 నవంబరులో, ముప్ఫయ్యేడవ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, అతడు మరణించాడు. రమత్యుయెల్ శ్మశానవాటికలో అతనిని రోద్రిగ్ వేషంలోనే ఖననం చేశారు.