ఫెయిరీ క్వీన్ ఆవిరి ఇంజను: శ్రమజీవితం, సంరక్షణ - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

1855లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో తయారై, ఈస్టిండియన్ రైల్వేలో 54 ఏళ్ళు పనిచేసి, 88 ఏళ్ళ విరామం తరువాత మళ్ళీ పట్టాలెక్కిన ఇంజను ఫెయిరీ క్వీన్. దాని పనికాలాన్నీ సంరక్షణ క్రమాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక యంత్రం మిగలడానికీ మరికొన్ని మాయం కావడానికీ కారణాలేమిటి, పునరుద్ధరణలో మిగిలేదేమిటి, మారేదేమిటి అన్న ప్రశ్నలను ఆదోని రైలుమార్గం నేపథ్యంలో చర్చిస్తుంది.

1. ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణానికి ఆధారం బోయీల భుజాలు. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకే చెన్నపట్నం, బొంబాయి నగరాలు ఇనుప పట్టాలతో కలిశాయి. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన వాయవ్య మార్గం కడప, గుత్తి, గుంతకల్లు, ఆస్పరి, ఆదోని, కోసిగి మీదుగా తుంగభద్రను దాటి రాయచూరు చేరింది. అక్కడ 1871లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేతో కలిసింది. ఆలూరు ప్రాంతంవారికి గుంతకల్లు, ఆస్పరి, ఆదోని స్టేషన్లే బయటి ప్రపంచానికి వాకిళ్ళయ్యాయి. ఎమ్మిగనూరు మీదుగా పట్టాలు పడలేదు కాబట్టి అక్కడివారు కూడా ఆదోని, కోసిగి వైపు రావలసిందే.

ఆ మార్గంలో నడిచిన తొలితరం ఆవిరి ఇంజన్లు ఈనాడు ఆదోని పట్టాలపై లేవు. అయితే అదే కాలంలో, అదే దేశంలో, అదే అయిదడుగుల ఆరంగుళాల బ్రాడ్‌గేజికి తయారైన ఒక ఇంజను నేటికీ ఉంది. అదే ఫెయిరీ క్వీన్. అది ఆదోని మార్గంలో నడవలేదు. కానీ దాన్ని 21వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టిన పెరంబూరు కర్మాగారం, 1856లో మద్రాసు రైల్వే తన ఇంజన్ల కోసం నెలకొల్పుకున్నది. ఆదోని మార్గపు ఇంజన్ల చరిత్రకూ ఫెయిరీ క్వీన్ చరిత్రకూ ఉన్న ఈ ఉమ్మడి చిరునామా కారణంగానే ఈ రెంటినీ కలిపి చూడవలసి ఉంది.

2. నిర్మాణం

లీడ్స్ నగరంలోని కిట్సన్, థాంప్సన్ అండ్ హ్యూయిట్సన్ సంస్థ 1855లో ఈ ఇంజనును తయారుచేసింది. ఈస్టిండియన్ రైల్వే దీనికిచ్చిన సంఖ్య 22. దీని తోటి ఇంజను 21 కూడా ఆ ఏడాదిదే. అప్పటికి హౌరా నుంచి హుగ్లీ వరకు 1854 ఆగస్టు 15న రైలు మొదలై, 1855 ఫిబ్రవరి నాటికి రాణీగంజ్ బొగ్గుగనుల వరకు విస్తరించింది.

ఇది చిన్న ఇంజను. బరువు 26 టన్నులు. ముందు ఒక జత చక్రాలు, నడుమ ఒక జత పెద్ద చక్రాలు, వెనుక మరొక జత ఉంటాయి. ఆవిరి బలంతో తిరిగేవి నడిమి చక్రాలు మాత్రమే. వాటి వ్యాసం ఆరడుగులు. బయటివైపు అమర్చిన రెండు సిలిండర్ల వ్యాసం 12 అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం 22 అంగుళాలు. నీటి తొట్టి సుమారు 3,000 లీటర్లు పడుతుంది. శక్తి 130 అశ్వశక్తి, గరిష్ఠ వేగం గంటకు 40 కిలోమీటర్లు.

ఈ కొలతలను కలిపి చూస్తే దాని పని స్వభావం తెలుస్తుంది. ఆరడుగుల చక్రం ఒకసారి తిరిగితే ఇంజను సుమారు 19 అడుగులు ముందుకు సాగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి 116 సార్లు తిరగాలి. పెద్ద చక్రం వేగానికి అనుకూలం. కానీ లాగే చక్రాలు ఒక్క జతే కావడంతో పట్టాలపై పట్టు తక్కువ. బరువైన సరకు బండినో ఎత్తుదారినో ఎదుర్కొంటే చక్రం అక్కడే జారుతూ తిరుగుతుంది. కాబట్టి ఇది తేలికపాటి మెయిలు బండ్ల కోసం పుట్టిన ఇంజను అని చెప్పవచ్చు.

3. శ్రమజీవితం

తొలినాళ్ళలో ఈ ఇంజను హౌరా, రాణీగంజ్ మధ్య తేలికపాటి మెయిలు రైళ్ళను లాగింది. 1857 తిరుగుబాటు కాలంలో సైనికుల రవాణాకు ఉపయోగపడింది. ఇంజను ఎవరి కోసం పనిచేసిందన్న ప్రశ్నకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. ఈస్టిండియన్ రైల్వేకు గానీ మద్రాసు రైల్వేకు గానీ పెట్టుబడి పెట్టిన బ్రిటిష్ వాటాదారులకు ఏటా 5 శాతం రాబడికి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు వస్తే భారతీయులు కట్టిన పన్నుల నుంచే పూడ్చింది. ఇంజన్లు, పట్టాలు అక్కడి నుంచే వచ్చాయి. ఇనుప యంత్రాన్ని అబ్బురంగా చూసేటప్పుడు ఈ లెక్కను మరువరాదు.

ఆదోని మార్గానికీ ఇదే వర్తిస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో, అప్పటి బళ్ళారి జిల్లాలో భాగమైన ఆదోని, ఆలూరు తాలూకాలు తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతంలో ఉన్నాయి. అప్పటికి ఈ దారిన రైలు వచ్చి అయిదేళ్ళే. ధాన్యం రైలులో వచ్చినా కొనే శక్తి లేనివారికి అది అన్నం కాలేదు. రవాణా సౌకర్యమూ ఆహార భద్రతా ఒకటి కావని ఆ కరువు చెప్పింది.

కాలక్రమంలో రైళ్ళు పొడవై, బరువెక్కాయి. ఒక్క జత చక్రాలతో లాగే ఇంజను ప్రధాన మార్గాలకు చాలలేదు. తరువాత దాన్ని బీహారులో మార్గనిర్మాణ పనులకు తరలించారు. మెయిలు బండి లాగినది కంకర, దూలాలు మోసే స్థితికి చేరింది. 1895లో దానికి ఫెయిరీ క్వీన్ అని పేరు పెట్టారు. భారతదేశంలోనే పూర్తిగా తయారైన తొలి ఇంజనుగా పేరొందిన ఎఫ్-734 అజ్మీరు కర్మాగారం నుంచి వెలువడినది కూడా 1895లోనే కావడం గమనార్హం. లీడ్స్ ఇంజను పాతదై ముద్దుపేరు పొందిన ఏడాదే, ఇక్కడి పనివారు ఇంజనును సొంతంగా చేయగలరని రుజువైంది. 1909లో ఫెయిరీ క్వీన్ సేవ ముగిసింది.

4. మిగలడానికి కారణం

1909 తరువాత ఈ ఇంజను సుమారు 34 ఏళ్ళు హౌరాలో ప్రదర్శనగా నిలిచింది. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు తరలింది. 1972లో భారత ప్రభుత్వం దానికి వారసత్వ హోదా ఇచ్చింది. ఆ తరువాత ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో చోటు దక్కింది.

ఒక ఇంజనుకు ఇంతటి ఆయుస్సు ఎలా వచ్చింది? బాగా పనిచేయడం వల్ల అనుకోవడం పొరపాటు. బాగా పనికివచ్చే ఇంజనును చివరిదాకా వాడతారు. బాయిలరు అరిగాక దాని భాగాలను వేరే ఇంజనుకు అమరుస్తారు. మిగిలినది తుక్కుగా కొలిమికి పోతుంది. ఫెయిరీ క్వీన్ మాత్రం పనికి చాలనిదై పక్కకు జరిగింది. తుక్కుగా అమ్మితే వచ్చే సొమ్ము కూడా దాని చిన్న శరీరానికి తక్కువే. పైగా తొలితరం గుర్తుగా నలుగురి కంటబడేచోట నిలబడింది. దాని మనుగడకు శ్రమ కంటే అశక్తత, ఆపైన ప్రదర్శన ఎక్కువ తోడ్పడ్డాయని భావించవచ్చు. మ్యూజియంలో ఉన్న వస్తువును ఆ కాలానికంతటికీ ప్రతినిధిగా తీసుకునే పరిశోధకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. మిగిలినది ఎప్పుడూ సగటు వస్తువు కాదు.

5. పునరుద్ధరణ

1997లో ఈ ఇంజనును మళ్ళీ నడిచే స్థితికి తెచ్చి, ఢిల్లీ కంటోన్మెంటు నుంచి రాజస్థాన్‌లోని అల్వర్ వరకు పర్యాటక రైలుగా నడిపారు. ఆ దూరం 143 కిలోమీటర్లు. క్రమబద్ధంగా నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదిగా 1998లో గిన్నిస్ గుర్తింపు పొందింది. భారతీయ బ్రాడ్‌గేజిపై రోజువారీ ఆవిరి సేవలు 1995లో ముగిశాయి. అంటే తన తరువాత పుట్టిన వేలాది ఇంజన్లు ఆగిపోయాక ఇది మళ్ళీ కదిలింది.

కథ అక్కడ ఆగలేదు. 2011 నాటికి దాని భాగాలెన్నో దొంగతనం పాలయ్యాయి. నూటయాభై ఏళ్ళకు పైబడిన ఇంజనుకు విడిభాగాలు బజారులో దొరకవు. ఏ భాగానికాభాగం కొలత తీసి, పోతపోసి, చెక్కి తయారుచేసుకోవలసిందే. ఈ బాధ్యత పెరంబూరు లోకో వర్క్స్ స్వీకరించింది. దాని తోబుట్టువైన 21వ సంఖ్య ఇంజనును 2010లో నడిచేలా చేసిన అనుభవం అప్పటికే ఆ కర్మాగారానికి ఉంది. 2012 డిసెంబరులో ఫెయిరీ క్వీన్ తిరిగి పట్టాలెక్కింది.

6. ఏది అసలు, ఏది కొత్త?

దేవాలయ జీర్ణోద్ధరణ మనకు కొత్త భావన కాదు. శిథిలమైన గుడిని బాగుచేసి పూజలు మళ్ళీ మొదలుపెట్టడం అందులో ప్రధానం. రాయి పాతదా కొత్తదా అన్నది భక్తునికి రెండవ విషయం. మ్యూజియం దృష్టి ఇందుకు భిన్నం. అక్కడ పాత రాయే సాక్ష్యం. నడిచే ఆవిరి ఇంజను ఈ రెండు దృష్టుల మధ్య నిలుస్తుంది.

ఇందుకు కారణం బాయిలరు. అగ్నిగుండంలోని వేడి వాయువులు గొట్టాల గుండా సాగుతుంటే, చుట్టూ ఉన్న నీరు మరిగి ఒత్తిడితో కూడిన ఆవిరి అవుతుంది. నీటిలోని సున్నం పెచ్చులుగా గొట్టాలకు పట్టి లోహాన్ని చెడగొడుతుంది. అరిగిన రేకుతో ఒత్తిడి పెంచితే అది పేలిపోవచ్చు. కాబట్టి ఇంజను నడవాలంటే పాత లోహాన్ని తొలగించి కొత్తది పెట్టక తప్పదు. నడిపిన ప్రతిసారీ మిగిలిన పాత భాగాలు కూడా కొంత అరుగుతాయి. అద్దాల గదిలో ఉంచితే లోహం మిగులుతుంది, కానీ చలనం, చప్పుడు, వేడి, వాటితో ముడిపడిన పనితనం పోతాయి.

ఈ వైరుధ్యానికి ఒక్క పరిష్కారం లేదు. అయితే ఒక కర్తవ్యం ఉంది. ఏ భాగం ఎప్పుడు మారింది, ఎందుకు మారింది, తీసిన భాగం ఎక్కడ ఉంది అన్న వివరాలను పుస్తకంలో నమోదు చేయాలి. తాళపత్ర పరిష్కర్త పాఠాంతరాలను అధోజ్ఞాపికలో చూపినట్టే యంత్ర పరిష్కర్త కూడా మార్పులను చూపాలి. అలా చూపని పునరుద్ధరణ, మూలమేదో ప్రక్షిప్తమేదో తెలియని గ్రంథప్రతి వంటిది.

7. ఆదోని మార్గం: మిగలవలసినది

ఇంజను ఒక్కటే నడవదు. ఫైర్‌మన్ బొగ్గును ఒకేచోట కుప్పగా వేయకుండా మంట అంతటా సమంగా పరచాలి. గాజుగొట్టంలో నీటిమట్టాన్ని కనిపెట్టి ఉండాలి. మట్టం పడిపోతే అగ్నిగుండం పైకప్పు కాలి ప్రాణాల మీదికి వస్తుంది. ఈ తెలివి పుస్తకంలో కొంతే ఉంటుంది. మిగిలినది చేతిలో, చెవిలో, మాటలో ఉంటుంది.

గుంతకల్లు బ్రాడ్‌గేజి, మీటరుగేజి మార్గాలు కలిసిన పెద్ద కూడలి. వానలు తక్కువైన ఈ సీమలో ఇంజనుకు నీరు పట్టడమే ఒక పెద్ద ఏర్పాటు. తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూ భాషలవారు అక్కడి షెడ్లలో కలిసి పనిచేశారు. 1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి. 1977లో గుంతకల్లు డివిజను దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది. అంటే ఈ మార్గపు కాగితాలు ఒకచోట దొరికేవి కావు. జిల్లా, రాష్ట్రం, రైల్వే మూడూ మారాయి.

పొగబండి, ధూమశకటం వంటి మాటలు నిఘంటువులకు ఎక్కాయి. షెడ్డులో పనిముట్టుకు, మంట తీరుకు, బాయిలరు జబ్బుకు పనివారు వాడిన మాటలపై అంత శ్రద్ధ పడలేదు. ఆవిరి ఇంజన్లపై పనిచేసిన చివరితరం నేడు వృద్ధాప్యంలో ఉంది. నేత, వ్యవసాయం, కుమ్మరం వంటి వృత్తుల పదజాలాన్ని సేకరించిన సంప్రదాయం తెలుగు పరిశోధనకు ఉంది. రైలు వృత్తి పదజాలం కూడా అందులో చేరవలసినదే. ఇనుమును పెరంబూరులో మళ్ళీ పోతపోయవచ్చు. మాట పోతే దానికి అచ్చు దొరకదు.

8. ముగింపు

- ఫెయిరీ క్వీన్ 54 ఏళ్ళు పనిచేసి, 88 ఏళ్ళు కదలకుండా ఉంది. దాని చరిత్రలో పనికాలం కంటే విరామకాలమే దీర్ఘం. కాబట్టి సంరక్షణ కూడా దాని చరిత్రలో ఒక ప్రధాన అధ్యాయమే.
- అది మిగలడానికి పనికి చాలకపోవడం, ప్రదర్శనకు నోచుకోవడం కారణాలు. ఎక్కువ శ్రమించినవి తుక్కుగా పోయాయి.
- నడిచే ఇంజనులో పాత లోహం తగ్గక తప్పదు. మార్పులను నమోదు చేయడమే నిజమైన సంరక్షణకు కనీస నియమం.
- లీడ్స్‌లో పుట్టిన ఇంజను ఇక్కడి పనివారి చేతుల్లో రెండవ జన్మ ఎత్తింది. ఆ చేతుల చరిత్ర రాయకుండా ఇంజను చరిత్ర పూర్తికాదు.
- గుంతకల్లు, ఆదోని మార్గంలో పనిచేసిన రైల్వే శ్రామికుల మౌఖిక చరిత్రనూ వృత్తిపదజాలాన్నీ సేకరించే పనిని కర్నూలు, అనంతపురం ప్రాంతాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేపట్టవలసి ఉంది. దానికి మిగిలిన వ్యవధి చాలా తక్కువ.