ఇంటి పిల్లికి, చేను కుక్కకు టీకాలు: ఎప్పుడు వేయించాలి, బక్రీద్ రోజు ఏం చూసుకోవాలి

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య నడిగడ్డలో ఉన్న మానవపాడు లాంటి ఊళ్లలో కుక్కకు, పిల్లికి చోట్లు వేరు. కుక్క ఉండేది మిర్చి, పత్తి చేల దగ్గర, లేదంటే గొర్రెల దొడ్డి దగ్గర. పిల్లి మాత్రం నేరుగా వంటింట్లోకి వస్తుంది, పిల్లల పక్కలో పడుకుంటుంది. ముస్లిం ఇళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పిల్లి పాక్, అది ఇంట్లో తిరిగినా ఇబ్బంది లేదు. కుక్కను కాపలాకో, మందకో పెట్టుకున్నా గడప బయటే.

ఇదంతా తహారత్‌కు సంబంధించిన లెక్క. రేబిస్ వైరస్‌కు దీనితో పని లేదు. పిల్లికి కూడా రేబిస్ వస్తుంది, రేబిస్ ఉన్న పిల్లి కరిచినా, రక్కినా మనిషికి ప్రమాదమే. మన దేశంలో ఈ జబ్బు మనుషులకు ఎక్కువగా కుక్కకాటుతోనే వస్తున్న మాట నిజం. కానీ రాత్రిళ్లు గోడలెక్కి తిరిగే పిల్లి ఏ కుక్కతో కొట్లాడి వచ్చిందో ఎవరికి తెలుసు? లక్షణాలు బయటపడ్డాక మనిషైనా, జంతువైనా బతకడం దాదాపు ఉండదు. కాబట్టి ముందే వేయించే టీకా తప్ప వేరే దారి లేదు.

రేబిస్ టీకా కుక్కపిల్లకు, పిల్లికూనకు మూడు నెలలు నిండాక మొదలుపెడతారు. తర్వాత ఏటా ఒకసారి. తేదీ గుర్తుండదని చాలామంది అంటారు. డాక్టర్ ఇచ్చే టీకా కార్డును పిల్లల టీకా కార్డుతో పాటే దాచుకుంటే సరిపోతుంది.

రేబిస్ ఒక్కటే కాదు. కుక్కపిల్లలను ఎక్కువగా చంపేది పార్వో. వాంతులు, రక్త విరేచనాలు మొదలై కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఈ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది కాబట్టి ఒక కుక్కపిల్ల చచ్చిన చోటికి మరో దాన్ని తెస్తే దానికీ అదే గతి. పార్వో, డిస్టెంపర్ లాంటి వాటికి కలిపి ఇచ్చే టీకాను ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండే దాకా వేయిస్తారు. ఒక్క సూదితో ఆపేస్తే వేయించినా వృథాయే. పిల్లులకు పార్వో లాంటిదే పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు ఉంది. దానికి వేరే కలిపిన టీకా ఎనిమిది వారాల వయసు నుంచి ఇస్తారు.

ఎక్కడ వేయించాలి? ముందు మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో అడగాలి. ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో అదే రోజు లూయీ పాశ్చర్ పారిస్‌లో ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా ఇప్పించాడు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్యం 2017లో ముఖ్యంగా పశువులు, గొర్రెలు, మేకల కోసం మొదలైంది. కుక్క, పిల్లి టీకాకు దాని మీదే ఆధారపడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడమే మేలు. పార్వో టీకా మండలంలో దొరక్కపోతే గద్వాలకో, కర్నూలుకో వెళ్లాలి. మందు కొని జేబులో వేసుకుని రావద్దు. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, వేడెక్కినా గడ్డకట్టినా పనికిరాదు. కుక్కపిల్లనే వెంట తీసుకెళ్లి అక్కడే వేయించడం నయం.

నట్టల మందు పిల్ల వయసులో తరచుగా, పెద్దయ్యాక సాధారణంగా మూడు నెలలకోసారి వేస్తారు. దీని అవసరం బక్రీద్ రోజుల్లో బాగా తెలుస్తుంది. కుర్బానీ అయ్యాక గొర్రె కార్జంలోనో, ఊపిరితిత్తుల్లోనో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కనిపిస్తే, బాగాలేదని ఆ ముక్కను కుక్కకు విసిరేస్తారు. అసలు చేయకూడని పని అదే. ఆ బుడగల్లో హైడాటిడ్ అనే నట్ట పిల్లలుంటాయి. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అవి కొద్ది మిల్లీమీటర్ల నట్టలుగా పెరుగుతాయి. కుక్కకు పైకి ఏ జబ్బూ కనిపించదు. దాని మలంతో గుడ్లు బయటికొచ్చి గడ్డికి, నీళ్లకు, ఆకుకూరలకు, పిల్లల చేతులకు అంటుతాయి. గడ్డి మేసిన గొర్రెలో మళ్లీ బుడగ తయారవుతుంది. ఆ గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలో బుడగ ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, చాలాసార్లు ఆపరేషన్ దాకా పోతుంది. మాంసం తిన్నందుకు మనిషికి ఈ జబ్బు రాదు, కుక్క ద్వారానే వస్తుంది.

కాబట్టి బుడగలున్న ముక్కలను కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చాలి. కాపలా కుక్కకు నట్టల మందు అడిగేటప్పుడు, దొడ్డి దగ్గర ఉంటుందని, పచ్చి మాంసం తింటుందని డాక్టర్‌కు చెప్పాలి. ఈ నట్టకు ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి. ఉడికిన ఎముకలు కూడా పెట్టొద్దు, విరిగి పేగులకు గుచ్చుకుంటాయి.

పిల్లికి జ్వరమొచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేస్తే అది విషమే. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లికి పూయకూడదు. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని వదిలేయాల్సిన పని లేదు. దాని మలాన్ని మరొకరు రోజూ తీసేస్తే చాలు. అందులోని టాక్సోప్లాస్మా అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

ఇంత చేసినా కుక్కో, పిల్లో కరిస్తే పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కరిచిన జంతువును పది రోజులు గమనించాలి కానీ, అప్పటిదాకా సూది వాయిదా వేయకూడదు. కోతి కరిస్తే ఈ పది రోజుల లెక్క వర్తించదు, సూదులన్నీ పూర్తిగా వేయించుకోవాల్సిందే.