తీసేసిన గురి: ఒక పాత తుపాకి చెప్పే చరిత్ర

మన్యం పోరాటాలను గుర్తుచేసే ప్రదర్శనల్లో విల్లంబులు, బరిసెలు, గొడ్డళ్ల పక్కన ఒక పాత తుపాకి కనిపించడం మామూలే. చూసేవాళ్లు దాని పొడవుకు ఆశ్చర్యపడి ముందుకు సాగిపోతారు. మన యువతరం ఒక్క నిమిషం ఆగి, గొట్టం మీది గురిని చూడాలని మేము కోరుతున్నాం. వలస పాలకులు ఈ దేశస్థులను ఎంతవరకు నమ్మారో ఆ చిన్న ఇనుప ముక్క చెబుతుంది.

తుపాకికి రెండు గురులుంటాయి. ఒకటి గొట్టం చివర, రెండోది కంటికి దగ్గరగా. ఆ రెండూ, కొట్టవలసిన లక్ష్యమూ ఒకే వరుసలోకి రావాలి. గుండు దూరం వెళ్లేకొద్దీ కిందికి దిగుతుంది కాబట్టి, దూరాన్ని బట్టి వెనుక గురిని ఎత్తుకోవాలి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు ఇందుకోసం నిచ్చెనలా పైకి లేచే గురి, దాని మీద గజాల అంకెలు ఉండేవి. అవి 900 గజాల దాకా చూపేవి. గొట్టం లోపల మెలి తిరిగిన మూడు గాడులు గుండును గిరగిరా తిప్పుతూ తిన్నగా పంపేవి.

కొవ్వు పూసిన తూటాల వల్ల 1857లో సిపాయిలు తిరగబడింది ఈ రైఫిల్ వచ్చిన రోజుల్లోనే. తిరుగుబాటును అణచిన తరువాత పాలకులు భారతీయ సిపాయిల కోసం 1858 నమూనా తయారుచేయించారు. చూపుకు అదే తుపాకి. లోపల మాత్రం గాడులు లేవు, గొట్టం నున్నగా ఉంటుంది. 0.577 అంగుళాల రంధ్రాన్ని 0.656కు పెంచారు. నిచ్చెన గురి పోయి, కదలని చిన్న దిమ్మ వచ్చింది. తెల్ల సైనికుడు దూరం నుంచే కొట్టగలడు, పక్కనే నిలబడ్డ సిపాయి కొట్టలేడు. ఒకే యూనిఫాం, ఒకే కవాతు, రెండు రకాల చూపు!

ఈ అపనమ్మకం అక్కడితో ఆగలేదు. తరువాతి కాలంలో ఇషాపూర్ కర్మాగారంలో 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల గొట్టాలను నున్నగా మార్చి, 410 మస్కెట్లుగా పోలీసులకు, కాపలాదార్లకు ఇచ్చారు. ఒక్కసారికి ఒక్క తూటాయే పేలేలా మ్యాగజీన్‌లో చెక్క దిమ్మ బిగించారు. 1878 ఆయుధాల చట్టం జనం చేతిలోని తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ మరుసటి ఏడే, 1879 మార్చిలో, రంప పితూరి మొదలైంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు ఠాణాలపై అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం వీరులు వెంట నడిచారు. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దక్కాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను వదిలిపెట్టి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులనే గురిచూసి కొట్టారు. ఇరుకు కనుమలో 900 గజాల నిచ్చెన అక్కరలేదు. దూరాన్ని కొండ తగ్గించింది, గురిని వేటకాడి కన్ను నిలిపింది. ఆ తరువాతనే మలబారు స్పెషల్ పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను మన్యానికి తరలించవలసి వచ్చింది.

ఇక నేటి మాట. పాత తుపాకిని బాగుచేయించేటప్పుడు “గురి పోయింది, కొత్తది పెడదాం” అనిపించడం సహజం. నిచ్చెన గురి బిగిస్తే తుపాకి నిండుగా కనబడుతుంది కూడా. కానీ నున్నటి గొట్టం మీద ఆ గజాల అంకెలకు అర్థం లేదు. అవి గాడులున్న గొట్టం నుంచి వెళ్లే గుండు కోసం లెక్కకట్టినవి. అంతకన్నా పెద్ద నష్టం, మనవాళ్లకు చూపు తగ్గించి ఇచ్చారనే సాక్ష్యం ఆ మరమ్మతుతో చెరిగిపోతుంది.

అందుకే ముందుగా గొట్టం లోపల గాడులున్నాయో లేదో చూడాలి. గురి దగ్గర పాత అతుకు మరకలు, చెరిపిన గుర్తులు, ముద్రలు ఫొటో తీసి రాసిపెట్టాలి. కర్మాగారం బిగించిన దిమ్మ అయితే తుప్పు పెరగకుండా చూసి అలాగే ఉంచాలి. ఆకురాయి పట్టకూడదు, కొత్త మెరుగు పెట్టకూడదు. నిజంగా గాడులున్న రైఫిల్‌కు గురి విరిగిపోయి ఉంటే, మళ్లీ ఊడదీయగలిగేలా నకలు అమర్చి, అది నకలని పక్కన రాయాలి. ఇళ్లలో ఇలాంటివి బయటపడితే దాచుకోకుండా, చట్టప్రకారం అధికారులకు తెలిపి మ్యూజియానికి చేర్చాలి.

లంబసింగి దగ్గర తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టిన ఈ కాలంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. అక్కడ పెట్టే ప్రతి తుపాకి పక్కనా దాని పేరు, కాలంతో పాటు “దీని గురి ఎందుకిలా ఉంది” అన్న ఒక్క వాక్యం రాయాలని మా విన్నపం. చూపు తీసేసిన తుపాకులను ఇచ్చిన రాజ్యానికి ఎదురు నిలిచిన పెద్దల కథ, ఆ వాక్యం చదివిన పిల్లలకు మరింత బాగా అర్థమవుతుంది.