పటాన్‌చెరు వాగుల్లో ఔషధ వ్యర్థాలు: పరిహారంతో తీరని హక్కు

పటాన్‌చెరు పారిశ్రామికవాడ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అప్పటికే ఇసకవాగు, నక్కవాగుల వెంట పల్లెల్లో బావులు చెడిపోయి, సాగు దెబ్బతింది. స్థానిక వైద్యుడు అల్లాని కిషన్‌రావు వంటివారు జనాన్ని కూడగట్టి ఏళ్ల తరబడి కొట్లాడారు. కోర్టు ఆదేశాలతో రైతులకు నష్టపరిహారం దక్కింది. కేసు మాత్రం హైకోర్టుకు, ఆపైన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017 దాకా నడిచింది. దీన్ని ఉద్యమ విజయంగా చూసేవారున్నారు. ఆ పోరాటం లేకపోతే ఆ మాత్రమైనా దక్కేది కాదన్నది నిజమే. కానీ పరిహారం పోయిన పంటకు వెల కట్టిందే తప్ప, నీటి మీద ఊరికున్న హక్కును తిరిగి ఇవ్వలేదన్నది ఈ వ్యాసం వాదన.

హక్కు ఉందా అన్న విషయంలో సందేహం లేదు. కాలుష్యం లేని నీరు, గాలి 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని సుభాష్ కుమార్ కేసులో 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చిక్కంతా ఆ హక్కుకు భంగం కలిగిందని రుజువు చేయడంలో ఉంది.

ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాన్నే తీసుకుందాం. 2007 నాటికి సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలం ట్యాంకర్లలో వచ్చి అక్కడ ఒక్కటయ్యేది. కలిశాక ఏ విషం ఎవరిదో తేల్చడం గగనం. శుద్ధి చేసి వదిలిన నీటిని జోకిమ్ లార్సన్ నాయకత్వంలోని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు వాగులోకి వెళ్లేది 45 కిలోలని వారి అంచనా. అప్పట్లో సుమారు 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది.

శుద్ధి పద్ధతిలోనే మరో ప్రమాదం పొంచి ఉంది. వ్యర్థాలను బ్యాక్టీరియాతో కుళ్లబెట్టడానికి వాటిలో మురుగునీరు కలిపేవారు. అంటే మనిషి పేగుల్లోంచి వచ్చిన సూక్ష్మజీవులు, వాటిని చంపే మందు ఒకే తొట్టిలో చేరాయి. మందుకు లొంగేవి చచ్చి, లొంగనివి మిగిలి, తమ నిరోధక జన్యువులతో సహా వాగు బాట పట్టే పరిస్థితి ఇది. దిగువన వాగు మట్టిలో ఆ జన్యువులు భారీగా ఉన్నాయని 2011లో వెలువడిన మరో అధ్యయనం చూపింది.

ఇంత జరిగినా యాంటీబయాటిక్ అవశేషాలకు చట్టంలో హద్దు లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో పరిమితులు ప్రతిపాదించింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. హద్దే లేనప్పుడు దాటినట్టు రైతు ఎలా చూపిస్తాడు? ఈ ముసాయిదాకు చాలా ముందే శుద్ధి కేంద్రం నీటిని గొట్టపు మార్గంలో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి మళ్లించారు. నక్కవాగు భారం మూసీ మీద, ఆ నీటితో గడ్డి, కూరగాయలు పండించేవారి మీద పడింది.

తమ పని వల్ల పర్యావరణానికి హాని లేదని రుజువు చేయాల్సింది పరిశ్రమేనని 1996లో వెల్లూరు కేసు తీర్పులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పటాన్‌చెరులో దాన్ని పాటించాలంటే ప్రతి ట్యాంకరును కంపెనీ గేటు దగ్గరే పరీక్షించాలి; మందు అవశేషాల లెక్కను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించాలి; ఊరి బావుల పరీక్షల ఖర్చు కంపెనీలే భరించాలి, పరీక్షించే సంస్థను ఎంచుకునే అధికారం మాత్రం గ్రామసభకు ఉండాలి.